రాణిగారు ఏమడిగితే అది

జనవరి 8

ఇది మేడమ్‌కి చూపించే రికార్డు కాదు. ఆ రికార్డు అట్ట వేసి, మార్జిన్లు గీసి వేరే ఉంది. అందులో లక్ష్యము, బోధనోపకరణములు అని రాయాలి. ఇందులో నాకు తోచింది రాసుకుంటాను. చాలా సంతోషంగా ఉంది. ఈ వయసులో నలుగురి ముందు గంతులేస్తే బాగుండదు కనక ఇక్కడ వేస్తున్నాను.

రేపటి నుంచి ప్రాక్టికల్స్. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే టీచర్ల కోర్సులో ఇదే ఆఖరి మెట్టు. యూనివర్సిటీ ఆవరణలోనే ఉన్న చిన్న బడిలో మాకు ఒక్కొక్కరికి ఒక్కో పిల్లని అప్పగిస్తారు. ఏప్రిల్లో బయటి నుంచి ఎగ్జామినర్ వచ్చి ఒక్క పాఠం చూస్తారు. ఆ పాఠం పోతే ఏడాదంతా మళ్లీ. క్లాసులో మిగతావాళ్లు ఇరవైల్లో ఉన్నారు, ఒక ఏడాది పోయినా వాళ్లకి లెక్కలేదు. పోస్టాఫీసు కౌంటర్లో ఉద్యోగం రిటైర్మెంటుకి ముందే మానుకుని వచ్చినదాన్ని నేను. నాకు లెక్కే.

తమ్ముడు ఫోన్ చేశాడు. ఎవరైనా ర్యాగింగ్ చేస్తే చెప్పక్కా, వచ్చి వాళ్ల సంగతి చూస్తానన్నాడు. వాడికి మోకాళ్ల నొప్పులు. మెట్లెక్కలేడు.

జనవరి 9

నాకు అప్పగించిన పిల్లని చూశాను. ఎనిమిదేళ్లుంటాయి. బడిలో ఆయమ్మ దగ్గర్నుంచి అందరూ రాణిగారనే పిలుస్తారు. ఎందుకో చూడగానే తెలిసింది. కుర్చీలో నిటారుగా కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, మనమేదో విన్నపం పట్టుకొచ్చినట్టు చూస్తారు.

మాట లేదు. చెవులు బాగానే వినిపిస్తాయి. దాహమేస్తే అరుస్తుంది. చెప్పు కరిచినా అదే అరుపు. కడుపు నొప్పి వచ్చినా అదే. ఏ అరుపు దేనికో ఒక్కోసారి వాళ్లమ్మకే అందదట. అందక ఇద్దరూ ఏడుస్తారట.

బొమ్మల కార్డులతో అడగడం నేర్పాలి. ముందు బొమ్మలు గుర్తుపట్టించడం. నీళ్లు, బంతి, బాత్రూం, బుడగలు. సబ్బు నీళ్ల బుడగలంటే రాణిగారికి ప్రాణం.

ఎదురుగా కుర్చీ లాక్కుని మనసులో ప్రార్థన మొదలుపెట్టాను. ఏ పనికైనా నాకది అలవాటే. పక్క టేబుల్ దగ్గరి అమ్మాయి ఇటు తిరిగి, "అక్కా, నన్నేమైనా అన్నారా?" అంది. లేదన్నాను. ఈ అమ్మాయి నోరు నిమిషం ఊరుకోదు. గడబిడ అని పేరు పెట్టుకున్నాను. దానికి తెలియదు.

జనవరి 15

కార్డులన్నీ కింద పడేశారు. ఏరాను. మళ్లీ పడేశారు. ఏరాను. ఎవరు ఎవరికి నేర్పుతున్నారో.

జనవరి 22

అదే.

జనవరి 27

నీళ్ల కార్డు తీసింది!

"నీళ్లేవి?" అని అడిగాను. చెయ్యి బంతి మీదికి వెళ్లింది, బాత్రూం మీదికి వెళ్లింది, వెనక్కి వచ్చి నీళ్ల మీద ఆగింది. తీసి నా చేతిలో పెట్టింది.

బస్సులో నాలో నేనే నవ్వుకుంటుంటే పక్క సీటావిడ కొంచెం జరిగి కూర్చుంది.

ఫిబ్రవరి 3

నాలుగూ తీస్తోంది. అడగడమే ఆలస్యం. కార్డుల మీద చెయ్యి నెమ్మదిగా జరుపుతూ నా మొహంలోకే చూస్తుంది. కార్డు వైపు చూడనే చూడదు. ఎంత దగ్గరైపోయిందో నాకు.

ఫిబ్రవరి 6

ఈ రోజు సంగతి వివరంగా రాయాలి.

కొత్త కార్డులు పెట్టాను. గొడుగు, తాళం, దువ్వెన. ఇంకా నేర్పలేదు, ఊరికే చూపిద్దామని. ఎందుకో నోరు ఊరుకోక "తాళం ఏది?" అన్నాను. తీసింది. గొడుగు తీసింది. దువ్వెన కూడా. నేర్పకుండానే! గడబిడ కుర్చీలోంచి లేచి నన్ను వాటేసుకుంది. వాళ్లమ్మని పిలిపించి చూపించాం. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. ఇన్నాళ్లూ లోపల ఇన్ని ఉన్నాయా అమ్మా, అంది పిల్లతో.

మేడమ్ కూడా వచ్చారు. గుమ్మంలో నిలబడి చివరిదాకా చూశారు. ఏమీ అనలేదు. మంచి టీచర్లు తొందరగా మెచ్చుకోరు.

ఇంటికొచ్చి చెల్లికి చెప్పాను. చెల్లీ నేనూ ఒక ఇంట్లోనే. అది నలభై దాటినా నాకు చిన్నదే. "ఏం మంత్రం వేశావే అక్కా?" అంది. మంత్రమేమీ లేదు, ప్రార్థించానన్నాను. "అదీ చూస్తూనే ఉన్నాం కదా చిన్నప్పట్నుంచి," అంది.

తమ్ముడైతే ఎగ్జామినర్‌కి పూలదండ నేను తెస్తానంటాడు.

ఫిబ్రవరి 10

జలుబు చేసి వెళ్లలేదు. నా బదులు గడబిడ కూర్చుంది. ఒక్క కార్డూ సరిగా తీయలేదట. దాని గోలకి పాప బెదిరి ఉంటుంది.

ఫిబ్రవరి 12

వాళ్లమ్మ కనబడి, ఇంట్లో కూడా కార్డులు పెట్టాను, తీయట్లేదండి అంది. ఇంట్లో హడావిడి ఉంటుంది కదమ్మా, నిదానంగా కూర్చుని అడగమన్నాను.

నా దగ్గర మాత్రం అన్నీ తీసింది.

ఫిబ్రవరి 13

నా దగ్గరే తీస్తుంది. ఈ మాట రాసి చదువుకుంటే కొంచెం గర్వంగా ఉంది. గర్వం వద్దు.

ఫిబ్రవరి 17

మేడమ్ ఫోన్‌లో వీడియో తీశారు. ఎగ్జామినర్‌కి పంపడానికేమో. మంచి చీర కట్టుకుని వెళ్లాల్సింది.

ఫిబ్రవరి 18

మేడమ్ తన గదికి పిలిచారు. క్లాసులో అందరినీ నువ్వంటారు, నన్నొక్కదాన్నీ మీరంటారు. వయసులో నాకంటే చాలా చిన్న. కూర్చోమని టీ తెప్పించారు. టీ తాగాకే ఫోన్ ఇచ్చారు. సౌండ్ తీసేసి ఉంది.

"పాపని చూడకండి. మిమ్మల్ని చూసుకోండి," అన్నారు.

చూసుకున్నాను. పాప చెయ్యి కార్డుల మీద జరుగుతోంది. నా పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన. చెయ్యి బంతి మీదికి వచ్చింది. పెదాలు కదులుతూనే ఉన్నాయి. బాత్రూం. కదులుతున్నాయి. నీళ్ల దగ్గరికి వచ్చింది. నా పెదాలు ఆగిపోయాయి. ఊపిరి బిగబట్టినట్టు, ఠక్కున. పాప ఆ కార్డు తీసింది.

రెండోసారి చూశాను. మూడోసారీ అంతే. గొడుగు, తాళం, దువ్వెన అన్నీ అంతే. తప్పు కార్డు మీద చెయ్యి ఉన్నంతసేపూ దేవుణ్ణి బతిమాలుతున్నాను. సరైన దాని మీదికి రాగానే, వచ్చేసింది కదా అని ఆపేస్తున్నాను.

పాపకి బొమ్మలు రావు. నా నోరు వచ్చు.

మేడమ్ ఫోన్ వెనక్కి తీసుకుని, ఇది మా టీచర్లందరికీ జరిగేదే, కొందరు కనుబొమలెగరేస్తారు, కొందరు కార్డు వైపు చూసేస్తారు, ప్రార్థనతో చెప్పేయడం మాత్రం ఇదే మొదటిసారి చూస్తున్నాను అన్నారు. ఎగతాళి లేదు మాటలో. అందుకే ఇంకా కష్టమనిపించింది.

ఫిబ్రవరి 19

వెళ్లలేదు. తలనొప్పి.

ఫిబ్రవరి 20

తలనొప్పి కాదు. వాళ్లమ్మ మొహం ఎలా చూడాలి?

ఫిబ్రవరి 21

చెల్లి బలవంతంగా బయల్దేరదీసింది. "పోస్టాఫీసులో అడ్రసు తప్పిన ఉత్తరాలు ఎన్ని చూసుంటావే. పారేసేవాళ్లా?" అంది. సరైన ఇంటికి పంపేవాళ్లం అన్నాను. "మరి పద," అంది.

మేడమ్ గదిలో పాప వాళ్లమ్మకి నేనే చెప్పాను, మొత్తం. ఆవిడ అంతా విని అంది, "మరి మీ పెదాలు చూసి తెలుసుకునేది మా పిల్లే కదండీ? నేను అరిస్తే కూడా పట్టించుకోదనుకున్నా ఇన్నాళ్లూ."

అప్పుడు మేడమ్ లేచి నిలబడ్డారు. ఆవిడకి ఉత్సాహం వస్తే కూర్చోలేరు. గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెప్పారు. మీరిద్దరూ దుఃఖపడుతున్నారు, నాకు మొన్నట్నుంచీ కాలు నిలవట్లేదు. మనిషి మొహం చూడదని ఈ పిల్ల కాగితాల్లో రాసుంది. అలాంటిది, తనకే తెలియకుండా పెదాలు కదిపే మనిషిని చదివేసింది. ఇంత తెలివి చేతిలో పెట్టుకుని బంతి ఏది, గొడుగు ఏది అని పరీక్షలు పెడుతున్నాం. ఇక మనం అడగొద్దు. తనే అడగాలి.

ఆ సంతోషంలో మెట్లు దిగుతున్నాననుకుంటూ చూసుకుంటే పైకి వెళ్తున్నాను. తిరిగి కిందికి దిగాను.

మార్చి 2

కొత్త పద్ధతి రాసుకుంటున్నాను, మర్చిపోకుండా.

పాప ఎదురుగా నేను కూర్చోకూడదు. గడబిడ కూర్చుంటుంది, బుడగల సీసా పట్టుకుని. నేను పాప వెనక. పాపకి నా మొహం కనబడకూడదు. ఇద్దరం నోరు విప్పకూడదు. ఏదీ అడగకూడదు. పాప బుడగల సీసా కోసం చెయ్యి చాచినప్పుడు, నేను వెనక నుంచి ఆ చెయ్యి పట్టుకుని, ముందున్న కార్డుల పట్టీ మీంచి బుడగల కార్డు తీయించి గడబిడ చేతిలో పెట్టించాలి. కార్డు అందిన క్షణం బుడగలు ఊదాలి. ఒక్క క్షణం ఆలస్యం చేయకూడదు, బేరాలాడకూడదు. ఏమడిగితే అది, అప్పుడే. అడిగితే వస్తుందని తెలియాలి ముందు.

తర్వాత నా చెయ్యి తగ్గుతూ పోవాలి. వేళ్ల మీంచి మణికట్టుకి, మణికట్టు మీంచి మోచేతికి, ఆఖరికి నా ఒళ్లోకి.

మాట్లాడకుండా కూర్చోవాలని వినగానే గడబిడ మొహం చూడాలి.

మార్చి 4

గడబిడ నోట్లో రుమాలు కుక్కుకుంది. రాణిగారు రుమాలునే చూస్తూ కూర్చున్నారు.

మార్చి 9

నా చెయ్యి మణికట్టు దాకా వచ్చింది! కార్డు తీసేటప్పుడు చర్రుమని చప్పుడు. పట్టీకి అతికించిన వెల్‌క్రో ఊడే చప్పుడు. ఆ చప్పుడు నాకిప్పుడు సంగీతం.

మార్చి 13

చిక్కొచ్చిపడింది. రాణిగారు వెనక్కి తిరుగుతున్నారు. కార్డు తీసే ముందు మెడ తిప్పి నా మొహం వెతుక్కుంటున్నారు.

గడబిడ మాస్కు పెట్టుకోమంది. పెట్టుకున్నాను. రాణిగారు కళ్లు చూడడం మొదలుపెట్టారు.

మార్చి 15

ఇంట్లో సాధన. అద్దం ముందు కాదు, చెల్లి ముందు. అది పేకముక్కలు పరిచి ఒక్కోదాని మీద వేలు పెడుతుంది. నేను ఒకటి మనసులో అనుకుని, పెదాలు కదపకుండా ప్రార్థించాలి.

"పెదాలు ఆగాయక్కా. ఇప్పుడు కనుబొమలు ప్రార్థిస్తున్నాయి."

కనుబొమలు ఆపాను. ముక్కంది. ముక్కు ఆపాను. "మెడలో నరం," అంది. పేకముక్కలు దాని మీద పారేశాను. నవ్వీ నవ్వీ ఇద్దరికీ కడుపునొప్పి. మా ఇంట్లో ఇంత నవ్వు విని ఎన్నాళ్లైందో.

తర్వాత చెల్లి కళ్లజోడు కోసం ఇల్లంతా వెతికింది. టీవీ మీద ఉంది. నాకు కనబడుతూనే ఉంది. నోరు విప్పలేదు. అదీ సాధనే కదా. చివరికి అది నడుం మీద చేతులు పెట్టుకుని, "అడక్కుండానే అన్నీ చేతికిచ్చేదానివి, ఇప్పుడు అడిగితేగానీ ఇవ్వవా?" అంది. అడుగు మరి, అన్నాను. "నా కళ్లజోడెక్కడ?" ఇచ్చాను, ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా.

మార్చి 18

కళ్లు మూసుకోవడం ఒక్కటే దారి. పాప వెనక్కి తిరగగానే నేను కళ్లు మూసి తల వంచేస్తాను. అక్కడ ఇక చదవడానికి ఏమీ ఉండదు. మేడమ్ సరేనన్నారు.

మార్చి 20

తిరిగింది. కళ్లు మూసుకున్నాను. అరిచింది. కళ్లు తెరవలేదు. చాలాసేపు అరిచింది. ఆ అరుపు వింటూ చేతులు కట్టుకుని కూర్చోవడం నా ఒంటికి పడని పని. ఇంట్లో ఎవరు తుమ్మినా లేచి వెళ్లే మనిషిని.

మార్చి 23

అదే.

మార్చి 26

చర్ర్!

కళ్లు మూసుకునే ఉన్నాను. చేతులు నా ఒళ్లో ఉన్నాయి, రెండూ. నేను ముట్టుకోలేదు. చర్రుమంది. కళ్లు తెరిచేసరికి గది నిండా బుడగలు. గడబిడ ఊదుతోంది, కళ్ల నీళ్లు కారుతున్నాయి, అయినా నోరు విప్పలేదు. అది తనకెంత కష్టమో నాకు తెలుసు.

మళ్లీ అడిగింది, మళ్లీ, మళ్లీ. సీసా ఖాళీ అయింది. సబ్బు కలిపి తెచ్చాం. అదీ అయిపోయింది. ఏమడిగితే అది.

మార్చి 30

ఇంట్లో నీళ్ల కార్డు తీసి వాళ్ల నాన్న చేతిలో పెట్టిందట. ఆయన పేపరు చదువుకుంటూ పక్కన పెట్టబోయి, ఉలిక్కిపడి, చెంబెడు నీళ్లు తెచ్చాడట. తాగి మళ్లీ కార్డు ఇచ్చింది. అలా ఇస్తూనే ఉందట. వాళ్లమ్మ చెబుతూ నవ్వుతోంది, పక్క బట్టలు ఉతుక్కున్నానండీ తెల్లారి అని.

ఏప్రిల్ 6

పరీక్ష ఎల్లుండి. పాఠం ఇలా వేసుకున్నాను. ముందు బుడగలు, తర్వాత బంతి, తర్వాత నీళ్లు. అన్నీ టేబుల్ మీదే ఉంటాయి. గడియారం చూసుకుని చేస్తే సరిపోతుంది.

పట్టీ మీద ఇంకో కార్డుంది. ఊయల. పోయిన వారం బడి పెరట్లో ఊయల బాగుచేశారని మేమే కలిపాం. గడబిడ అంది, "అక్కా, పరీక్ష రోజుకి ఊయల కార్డు తీసి దాచేద్దాం. అదడిగితే పాఠమంతా పెరట్లోకి పోతుంది. పాఠం రాసిన పేజీ సగంలో ఆగిపోతే ఎగ్జామినర్ ఊరుకోరు."

నిజమే. తీసేస్తే చాలు, భయం లేదు.

ఏప్రిల్ 7

తీయలేదు. నిన్నంతా ఆలోచించాను. అది ఆ పిల్ల నోట్లోని మాట. పరీక్ష నాది, నోరు తనది. నా సౌకర్యం కోసం ఒక మాట లాగేసుకుని కూర్చోబెట్టలేను.

గడబిడ తల పట్టుకుంది. మేడమ్‌ని అడిగితే, మీ పాఠం, మీ ఇష్టం అన్నారు. మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. ఆవిడ దగ్గర నేర్చుకోవాలి అది.

బుడగలే అడగాలని మాత్రం గట్టిగా ప్రార్థించాను. ఇంట్లోనే, చెల్లి ముందు, పెదాలు కదిపే ప్రార్థించాను.

ఏప్రిల్ 8

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎగ్జామినర్ పెద్దావిడ, నా ఈడే. మూలనున్న కుర్చీలో ఫైలు తెరుచుకుని కూర్చున్నారు. పక్కన మేడమ్. గడబిడ సీసా పట్టుకుని పాప ఎదురుగా. నేను పాప వెనక స్టూలు మీద. గదిలో ఫ్యాను చప్పుడొక్కటే.

రాణిగారు సీసాని చూశారు. చెయ్యి పట్టీ మీదికి వెళ్లింది. చెయ్యి ఆగింది. మెడ వెనక్కి తిరిగింది.

కళ్లు మూసుకుని తల వంచాను. బుడగలు, బుడగలు అని లోపల మొత్తుకుంటున్నాను. పైకి ఏదీ కదల్లేదనే అనుకుంటున్నాను. పాప ఊపిరి నా చెంపకి తగిలింది. అంత దగ్గరికొచ్చి చూస్తోంది నన్ను. ఏమీ దొరకలేదు. ఊపిరి పక్కకి పోయింది. కుర్చీ కిర్రుమంది.

చర్ర్.

బుడగలు ఊదే చప్పుడు కోసం చూశాను. రాలేదు. చెప్పుల చప్పుడు, మూల వైపు. పాప లేచి వెళ్లిందని అర్థమైంది. కళ్లు తెరుద్దామా వద్దా అనుకునేంతలో ఎగ్జామినర్ గొంతు వినబడింది.

"ఊయల ఎక్కడుంది?"

కళ్లు తెరిచాను. రాణిగారు ఆవిడ ముందు నిటారుగా నిలబడి ఉన్నారు. ఆవిడ చేతిలో కార్డు.

గడబిడ నా వైపు చూసింది. బుడగలు, బంతి, నీళ్లు అన్నీ టేబుల్ మీద ఉన్నాయి. ఇంకా పాఠమంతా మిగిలే ఉంది. కాస్త ఆగమ్మా, ముందు ఇది చేద్దాం అని పాపని వెనక్కి తీసుకురావచ్చు. ఎవరూ తప్పనరు. కానీ అడిగింది. అడిగితే అప్పుడే ఇవ్వాలి.

"పెరట్లో ఉందండీ. వెళ్దాం," అన్నాను. లేచి తలుపు తీశాను.

అందరం వెళ్లాం. ముందు రాణిగారు, వెనక నేను, ఆ వెనక గడబిడ, సీసా చేతిలోనే ఉంది. మేడమ్, ఫైలుతో ఎగ్జామినర్. ఆయమ్మ ఊడుస్తున్నదల్లా చీపురు పక్కన పెట్టి ఈ ఊరేగింపుని చూసింది. రాణిగారు ఊయలెక్కారు. ఊపాను. కాసేపటికి ఆపి, కార్డు తన ఒళ్లో పెట్టి, పక్కకి జరిగి నిలబడ్డాను. మళ్లీ అడగాలి కదా. పాప కార్డు తీసుకుని చుట్టూ చూసి, నన్నొదిలేసి ఎగ్జామినర్ వైపు చాచింది. ఆవిడ ఫైలు నా చేతిలో పెట్టి, కొంగు దోపుకుని ఊపారు.

ఫైలు తెరిచే ఉంది. నేను చూడలేదు. ఊయల వంకే చూస్తూ నిలబడ్డాను. పాప నవ్వు ఇంత గట్టిగా ఉంటుందని నాకు ఇవాళే తెలిసింది.

ఆవిడ ఊపుతూనే అడిగారు, "లోపల ఏ కార్డు తీస్తుందనుకున్నారు?"

"బుడగలండీ. అదే తీయాలని ప్రార్థించాను కూడా."

"మీ వీడియో చూశాను. మేడమ్ చూపించారు," అన్నారు. తర్వాత, "అయితే ఇవాళ పాప మీ ప్రార్థన వినలేదన్నమాట."

"వినలేదండీ."

ఆవిడ ఫైలు కోసం చెయ్యి చాచారు. ఊయల స్తంభానికి ఆనించి ఏదో రాసి, సంతకం పెట్టి, మూసేశారు.

"పాసయ్యారు," అన్నారు.

గడబిడ ఇన్నాళ్లుగా దాచుకున్న మాటలన్నీ ఒక్కసారి మొదలుపెట్టింది. మేడమ్ నిలబడలేక పెరడంతా తిరుగుతున్నారు. నాకు చెల్లికి ఫోన్ చేయాలని ఉంది, తమ్ముడికి చేయాలని ఉంది, అక్కడే మోకరిల్లాలని ఉంది.

రాణిగారికి ఇవేవీ పట్టలేదు. ఊయల ఆగిపోయింది. కార్డు నా ముందు పెట్టి చూస్తున్నారు. వెళ్లి ఊపాను.